చపాతీ మానితే సరిపోదు: మన వంటింట్లో గ్లూటెన్ లేకుండా తినడం ఎలా

గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు నాకుందని తేలాక చపాతీ మానేశాను. బ్రెడ్, బిస్కెట్, పూరీ, ఉప్మా అన్నీ మానేశాను. నాలుగు నెలలు గడిచినా కడుపుబ్బరం పోలేదు, మెట్లెక్కితే ఆయాసం తగ్గలేదు. రోజూ ఏం తింటున్నానో ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెడితే, వారం తిరిగేసరికి ఇద్దరు దొంగలు దొరికారు. చిన్న దొంగ పోపుల డబ్బాలో ఇంగువ. పెద్ద దొంగ మా వీధి చివర పిండి మర.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో రెండూ కలిపి. ఇక్కడి నుంచి గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం దాకా మన ఇళ్లలో తిండి ఇంచుమించు ఒకటే: అన్నం, పప్పు, చారు, చోడి (రాగి) అంబలి, ఎండాకాలం వస్తే చద్దన్నం. గ్లూటెన్ లేని తిండి అనగానే ఆన్‌లైన్లో ఖరీదు పెట్టి బాదం పిండి తెప్పించుకోవాలని చాలామంది కంగారుపడతారు. అక్కర్లేదు. మన వంటలో ముప్పాతిక వంతు ముందునుంచీ గ్లూటెన్ లేనిదే. మిగిలిన పాతిక వంతుతోనే చిక్కంతా. దాన్ని ఎలా పట్టుకోవాలో వరసగా చెబుతాను.

ముందు పరీక్ష, తర్వాతే మానడం

ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. అనుమానం వచ్చింది కదా అని గోధుమ మానేసి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరకి వెళ్తే పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు. గోధుమ తింటూ ఉండగానే పరీక్ష చేయించుకోవాలి.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రోటీన్. గోధుమ పిండి జిగురుగా సాగడానికి కారణం అదే. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు అది తింటే ఒంట్లో రోగనిరోధక శక్తి ఎదురుతిరిగి చిన్నపేగు గోడనే దెబ్బతీస్తుంది. పేగు లోపల మఖమల్ గుడ్డ మీద నూగులా సన్నటి మొలకలుంటాయి. తిన్నదాంట్లో సారం పీల్చుకునేవి అవే. అవి అరిగిపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. కొందరికి విరేచనాలు, కొందరికి బరువు తగ్గడం, పిల్లలకి ఎదుగుదల ఆగిపోవడం. నాకైతే ఇవేమీ లేవు, కడుపుబ్బరం, రక్తం తక్కువ, అంతే. ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగాను, హిమోగ్లోబిన్ కదల్లేదు. ఇది చపాతీలు తినే ఉత్తరాది వాళ్ల జబ్బు, మనకెందుకొస్తుందిలే అని ఒక డాక్టర్ కొట్టిపారేశారు కూడా. గోధుమ ఎక్కువ తినే పంజాబ్, ఢిల్లీ వైపు ఎక్కువగా బయటపడే మాట నిజమే. అలాగని మనకి రాదని కాదు.

మొదట చేసేది రక్తపరీక్ష, పేరు టీటీజీ ఐజీఏ. దాంతోపాటు రక్తంలో మొత్తం ఐజీఏ (ఒక రకం యాంటీబాడీ) ఎంతుందో కూడా చూస్తారు. తేడా ఉంటే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. మన వైపు వాళ్లు దీనికోసం బరంపురమో విశాఖో వెళ్తుంటారు. ఎక్కడికి వెళ్లినా గ్యాస్ట్రో డాక్టర్‌కే చూపించుకోండి. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు కూడా రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది, ఇది వంశంలో నడుస్తుంది.

దీనికి మందు లేదు. గ్లూటెన్ మానడమే మందు, అదీ జీవితాంతం. రొట్టెకీ ఈ జబ్బుకీ ఉన్న లంకెని గట్టిగా పట్టుకున్నది విల్లెమ్ డికే అనే నెదర్లాండ్స్ పిల్లల డాక్టర్. ఆయనకి ఆ అనుమానం ముందే ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో ఆ దేశంలో కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకున్నారు, రొట్టె మళ్లీ రాగానే మళ్లీ పడ్డారు. ఊరంతా ఆకలితో ఉంటే ఈ పిల్లలు మాత్రం తేరుకోవడం ఎంత విడ్డూరం!

అన్నట్టు, ఏ జబ్బూ లేకుండా రీల్ చూసి గోధుమ మానేద్దామనుకునేవాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేదు.

సరుకులు వేరు చేయడం

ఒక ఆదివారం అటక మీది డబ్బాలతో సహా అన్నీ కిందికి దించండి. గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ నూక, సేమియా, బార్లీ: ఇవి మీకు పనికిరావు. బియ్యం, అటుకులు, మరమరాలు, చోళ్లు, సామలు, కొర్రలు, జొన్నలు, గంటెలు (సజ్జలు), మొక్కజొన్న, సగ్గుబియ్యం, పప్పులు, కూరగాయలు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం: వీటిలో గ్లూటెన్ లేదు. ఇడ్లీ రవ్వ బియ్యానిదే కాబట్టి భయం లేదు. ఓట్స్ సంగతి కొంచెం తిరకాసు. దానంతట అది చాలామందికి పడుతుంది గానీ గోధుమతో కలిసిపోకుండా వచ్చే ఓట్స్ తక్కువ. మొదటి ఏడాది ఆ జోలికి పోకపోవడమే మేలు.

ఇక ప్యాకెట్లు. మన దేశంలో గ్లూటెన్ ఉన్న ధాన్యం కలిస్తే ఆ సంగతి ప్యాకెట్ మీద రాయాలని నియమం ఉంది. వెనక చిన్న అక్షరాల్లో వీట్, రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, సెమొలినా, బార్లీ, మాల్ట్ అన్న మాటల కోసం వెతకండి. గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదు. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్నది మాత్రం నమ్మకండి. రాగి బిస్కెట్లలో, రాగి సేమియాలో చాలావాటికి అసలు సరుకు మైదానో గోధుమో. మల్టీగ్రెయిన్ ఆటాలో ఎక్కువ భాగం గోధుమే. పిల్లలకి పాలల్లో కలిపే హార్లిక్స్ లాంటి పొడుల్లో బార్లీ మాల్ట్ ఉంటుంది. సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది, కాబట్టి బండి మీద ఫ్రైడ్ రైస్ బియ్యందే అయినా మనకి కాదు.

ఇప్పుడు ఇంగువ. ముద్ద ఇంగువ అచ్చంగా వంటలో వేస్తే ఘాటు తట్టుకోలేం, అందుకని కొట్లో దొరికే ఇంగువ పొడిలో పిండి కలుపుతారు. చాలా రకాల్లో అది గోధుమ పిండి లేదా మైదా, కొన్నిటిలో బియ్యప్పిండి. డబ్బా తిప్పి చూడండి. బియ్యప్పిండి అని ఉన్నది కొనుక్కోండి, లేకపోతే వెల్లుల్లితో పోపు పెట్టేయండి. సాంబార్ పొడి, పులిహోర పొడి, అప్పడాలు, ఊరగాయ అన్నిట్లోనూ ఈ ఇంగువే పడుతుంది. బరంపురం అప్పడాలంటే మా ఇంట్లో పడి చస్తారు. నేను అవి చేసే ఆవిడని ఏం కలిపారో అడిగి మరీ కొంటాను.

పిండి మర

చోళ్లు మంచివని అందరూ చెబుతారు. 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, పేగు దెబ్బతిని ఎముకలు గుల్లబారిన మాలాంటివాళ్లకి అంతకన్నా ఏం కావాలి. నేనూ రెండు కిలోలు కొని, కడిగి ఎండబెట్టి, మరకి పట్టుకెళ్లాను. నా ముందున్నాయన గోధుమలు పోశాడు. ఆయన పిండి డబ్బాలో పడింది, మర ఆగింది, గరాటులో చెయ్యి పెట్టి రెండు తట్లు తట్టారు, నా చోళ్లు పోశారు. ముందుగా జారిన పిడికెడు పిండి చోడి రంగులో లేదు, తెల్లగా ఉంది. అప్పుడు నాకేం తట్టలేదు. నోటుపుస్తకంలో "మంగళవారం అంబలి, రాత్రికి ఉబ్బరం" అని రాసుకున్నాక తట్టింది.

ఆ తెల్ల పిండి ఎంతుంటుందిలే అనుకోకండి. రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ పడినా కొన్ని నెలల్లో పేగు మళ్లీ పాడవుతుంది. గోధుమ పిండి లెక్కలో అది సుమారు అర గ్రాము, చెంచా అడుగున అంటుకునేంత.

ఏం చేయాలంటే: మొదటి దారి, ఇంట్లోనే పిండి ఆడించుకోవడం. మిక్సీ జార్లో సగానికి మించకుండా పోసి, ఆపి ఆపి తిప్పి, జల్లెడ పట్టండి, పైన మిగిలిన నూక మళ్లీ వేయండి. పావుకిలో పిండికి పది నిమిషాలు. మా అత్తగారి తిరగలి పెరట్లో పడి ఉంటే దులిపి తెచ్చుకున్నాను, సామలకి దాన్ని మించింది లేదు. రెండో దారి, బియ్యానికీ గోధుమకీ వేరే వేరే మరలున్న మిల్లు వెతుక్కోవడం. అదీ లేకపోతే పొద్దున్నే మర తెరవగానే వెళ్లి, ముందు మీ ఇంటి బియ్యం కిలో ఆడించి ఆ పిండి మిగతావాళ్ల జంతికలకి వాడేసి, తర్వాత మీ చోళ్లు ఆడించుకోవాలి. ఇది పూర్తిగా సేఫ్ అని చెప్పను, గత్యంతరం లేనప్పటి పద్ధతి. కొట్లో విడిగా తూచి ఇచ్చే శనగపిండి, జొన్నపిండి కూడా ఇలాంటి మరలోంచే వస్తాయి.

గింజలు కొన్నా చేటలో పోసి ఒకసారి ఏరుకోండి. మసూర్ పప్పులో, జొన్నల్లో నాకు గోధుమ గింజలు దొరికాయి. గింజలకి నేను సంతనే నమ్ముతాను. బుధవారం చాటికొన సంతకి కొండ దిగి డొంగ్రియా కొంధ్ గిరిజన ఆడవాళ్లు వస్తారు, వాళ్ల గంపల్లో పసుపు, అల్లంతోపాటు మండియా కూడా కనిపిస్తుంది. మండియా అంటే మన చోళ్లే. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టాక టౌన్లో దొరకడం కూడా తేలికైంది, ఏటా నవంబర్ 10న మండియా దిబస అని ఒక రోజే జరుపుతున్నారు.

విరగని రొట్టె

గోధుమ మానినవాళ్లు మొదటి నెలలో ఏడిచేది రొట్టె కోసమే. చోడి పిండిని చపాతీ పిండిలా చన్నీళ్లతో కలిపి, పీట మీద ఒత్తి, ముక్కలు ముక్కలై, పెనం మీదకి చేరకుండానే విసిగిపోతారు. గ్లూటెన్ లేని పిండి సాగదు. జిగురు కావాలంటే వేడినీళ్లతో పిండిని ఉడకనివ్వాలి.

ఒక గ్లాసు నీళ్లలో ఉప్పు, అర చెంచా నూనె వేసి తెర్లనివ్వండి. మంట తగ్గించి గ్లాసు పిండి కుప్పగా పోయండి. కలపకుండా అర నిమిషం ఉంచి, చెక్క గరిటె కాడతో నాలుగు తిప్పులు తిప్పి, దించి మూత పెట్టేయండి. పది నిమిషాల తర్వాత, చెయ్యి కాలీ కాలకుండా ఉన్నప్పుడే, తడిచేత్తో గట్టిగా మదాయించండి. అంచులు పగులుతుంటే ఇంకో రెండు చెంచాల వేడినీళ్లు. చల్లారిందా, ఇక అంతే, ఆ ముద్ద పనికిరాదు. నిమ్మకాయంత ఉండ అరటాకు మీద పెట్టి తట్టి, ఆకుతో సహా పెనం మీద బోర్లించి, ఆకు వాడగానే లాగేయండి. బియ్యప్పిండికీ, జొన్నపిండికీ ఇదే పద్ధతి. ఉల్లి, పచ్చిమిర్చి, మునగాకు వేస్తే కూర కూడా అక్కర్లేదు. మా అబ్బాయి మొదట మొహం చిట్లించాడు, ఇప్పుడు నా వాటా కూడా వాడే తింటున్నాడు.

రోజువారీ తిండికి పెద్ద ప్లాన్ ఏమీ లేదు. పొద్దున ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, దిబ్బరొట్టె, అటుకుల పులిహోర, వీటిల్లో ఏదో ఒకటి. పెసరట్టు మధ్యలో బొంబాయి రవ్వ ఉప్మా బదులు సామల ఉప్మా పెట్టండి. సామలు అరగంట నానబెట్టి, గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు పోస్తే పొడిపొడిగా వస్తుంది. మధ్యాహ్నం అన్నం, ఒడియావాళ్ల డాల్మా (కూరగాయలు వేసిన పప్పు) ఒక రోజు, మన ముద్దపప్పు ఒక రోజు. రాత్రి చోడి రొట్టె లేదా కొర్రన్నం. మూడు పూటలా తెల్లన్నమే తింటే గోధుమతోపాటు పీచు కూడా పోతుంది, బరువు పెరుగుతుంది, నేను మొదటి ఏడాది చేసిన తప్పు అదే. 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే ముద్ర) వచ్చిన కొరాపుట్ కళాజీర బియ్యం దొరికితే మాత్రం పరమాన్నం వండుకోండి, ఆ వాసనకి సగం బెంగ తీరుతుంది.

గిన్నెలు, పెనాలు

ఇంట్లో అందరూ మానక్కర్లేదు. కానీ చపాతీ పీట, అప్పడాల కర్ర, పిండి జల్లెడ, చెక్క గరిటెలు మీకు వేరే ఉండాలి, వాటి సందుల్లో ఇరుక్కున్న పిండి ఎంత కడిగినా పోదు. స్టీలు గిన్నెలు బాగా తోముకుంటే చాలు. పూరీలు వేగిన నూనెలో మీ వడలు వేయకండి. ముందు మీ వంట, తర్వాత వాళ్ల చపాతీ.

పండగలు, ప్రసాదాలు

ఇక్కడ టెన్షన్ తిండిది కాదు, మొహమాటానిది. సత్యనారాయణ వ్రతానికి వెళ్తే చేతిలో గోధుమ నూక ప్రసాదం పెడతారు. అన్నవరం ప్రసాదమూ గోధుమ నూకదే. పూరీ నుంచి ఎవరొచ్చినా తెచ్చే ఖాజా మైదా. వద్దంటే దేవుణ్ణి వద్దన్నట్టు చూస్తారు. నేను రెండు చేతులా తీసుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్న పిల్లాడి చేతిలో పెడతాను. అడిగితే "డాక్టర్ వద్దన్నారు" అంటాను. పేగుల కథంతా అక్కడ చెప్పక్కర్లేదు. మా ఇంటి వ్రతానికి మాత్రం సామలతో చక్కెర పొంగలి చేస్తాను, పంతులుగారు ఏమీ అనలేదు.

పిండివంటల్లో మనకి లోటు లేదు. అరిసెలు, పాకుండలు, సున్నుండలు, జంతికలు, పూతరేకులు, పూర్ణంబూరెలు తినొచ్చు, ఇంటివైతే. బొబ్బట్లు, కజ్జికాయలు, మడతకాజా వద్దు. ఒడియా పిఠాల్లో (వాళ్ల పిండివంటల్లో) పొడొపిఠా, చితౌ బియ్యానివి. మొండా పిఠా ఒకరింట్లో బియ్యప్పిండితో, ఇంకొకరింట్లో రవ్వతో చేస్తారు, కాకరా పిఠా దాదాపు ఎప్పుడూ రవ్వో గోధుమ పిండో. మార్గశిర లక్ష్మివారాలు మనకీ వాళ్లకీ ఉన్నవే కాబట్టి ఆ నెలంతా పళ్లేలు అటూ ఇటూ తిరుగుతుంటాయి, అడగకుండా నోట్లో వేసుకోవద్దు. ఛెనాపొడా అనే కాల్చిన పనీర్ మిఠాయిలో రవ్వ కలుస్తుంది. రసగుల్లాలో ముక్క నిలవడానికి కొందరు రవ్వో మైదానో కలుపుతారు. గుప్‌చుప్ (పానీపూరీ) పూరీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

హోటల్లో అడగాల్సిన ఒడియా వాక్యం ఇది, బట్టీ పట్టేయండి: "ఎథిరే అటా, మొయిదా, సుజి అఛి కి?" దీంట్లో గోధుమ పిండి, మైదా, రవ్వ ఉన్నాయా అని. దోసె కరకరలాడ్డానికి రవ్వ, వడ గుల్లగా రావడానికి మైదా కలిపే హోటళ్లున్నాయి. గ్లూటెన్ అంటే ఎవరికీ అర్థం కాదు, మూడు పేర్లూ విడివిడిగా అడిగితే వంటాయన లోపల్నుంచే జవాబు చెబుతాడు.

చిన్నపిల్లలకి ఈ జబ్బు ఉంటే ఇంకో రెండు సంగతులు. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా అనే సత్తుపిండిలో గోధుమ కలుస్తుంది, అక్కడి దీదీకి ముందే చెప్పి, డాక్టర్ చీటీ చూపించండి. బడిలో మధ్యాహ్నం పెట్టేది అన్నం, డాల్మా, గుడ్డు కాబట్టి భయపడక్కర్లేదు, పక్క పిల్లల బిస్కెట్టే భయం. జేబులో ఒక చోడి లడ్డూ పెట్టి పంపండి, మార్చుకోవడానికి వాడికీ ఏదో ఒకటి ఉండాలి కదా.

మానిన కొన్ని వారాలకే ఒళ్లు తేలికపడొచ్చు, పేగు పూర్తిగా మానడానికి పెద్దవాళ్లకి ఏడాది రెండేళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆరు నెలలకొకసారి టీటీజీ, హిమోగ్లోబిన్, విటమిన్ డి, బీ12 చూపించుకోవాలని మా డాక్టర్ మాట. కొత్తగా ఏ మందు రాసినా, టానిక్ అయినా, గోధుమ పిండి ఉందా అని మందుల షాపులో అడగండి. మొదట్లో పాలు కూడా పడకపోవచ్చు, కంగారుపడకండి, పేగు మానాక చాలామందికి మళ్లీ పడతాయి.

విశాఖ వెళ్లే రైలుకి నా సంచీలో ఎప్పుడూ ఉండేవి: మరమరాల్లో ఇంట్లో వేయించిన పల్లీలు, రెండు అరటిపళ్లు, ఆకులో చుట్టిన చోడి రొట్టెలు నాలుగు, చిన్న సీసాలో ఉసిరికాయ పచ్చడి, ఒక స్టీలు చెంచా. నాలుగో రొట్టె ఎప్పుడూ ఎదురు సీటువాళ్లకే పోతుంది, కాబట్టి ఐదు చేసుకోండి.